ఎం-బుక్ ప్రశ్నకు వేదిక మీద చోటేదీ?

సంపాదకులకు,

ఆర్యా! నీటిపారుదల పనుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు గడిపి పదవీ విరమణ చేసిన ఇంజినీరును. గత సెప్టెంబరు 15న, మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి అయిన ఇంజినీర్ల దినోత్సవం నాడు, ఒక ఇంజినీరింగ్ కళాశాలవారు వృత్తి నైతికతపై చర్చా పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. అంశం: ‘ఇంజినీరుకు విలువలు అవసరమా?’ అవసరం లేదని ఎవరు వాదిస్తారు? పద్నాలుగు మంది మాట్లాడితే, విశ్వేశ్వరయ్య ప్రభుత్వ కొవ్వొత్తి ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్న కథనే ఆరుగురు చెప్పారు. కంఠస్థం చేసిన పాఠానికి బహుమతి ఇవ్వాల్సి వచ్చింది.

సభ ముగిశాక మూడో సంవత్సరం సివిల్ విద్యార్థిని ఒకమ్మాయి దగ్గరకు వచ్చి, “సార్, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను చూడని పనికి ఎం-బుక్‌లో కొలతలు రాయమని పైఅధికారి చెబితే ఏం చేయాలి?” అని అడిగింది. ఎం-బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం; కాంట్రాక్టరు బిల్లులకు అదే ఆధారం. ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇమ్మని అడగమన్నాను. అది సగం జవాబేనని నాకు తెలుసు. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజినీరు సత్యేంద్ర దూబే, నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లోని అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నారు. ఆ లేఖ ఆయన పేరుతోనే కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్యేనని దర్యాప్తులో తేల్చారు. అయినా, పేరు దాచమన్నవాడి పేరు దాచలేకపోయిన వ్యవస్థలోకే ఈ పిల్లలను పంపుతున్నాం. ఎవరికి రాయాలి, ఏ కాగితం భద్రపరచాలి, ఎప్పుడు పని ఆపించాలి? చర్చించాల్సినవి ఇవి.

అందుకే పోటీకి అంశం కాదు, ఒక ఘటన ఇవ్వాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. అందులోని ముఖ్యాంశాలను నెల ముందే విద్యార్థుల చేతికివ్వండి. ఒక జట్టు ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీరు పక్షాన, మరొకటి యాజమాన్యం పక్షాన నిలబడాలి. రెండో విడతలో పక్షాలు మార్చుకోవాలి. సైరన్ ఎందుకు మోగలేదని ఆ ఊరివారే వచ్చి అడగాలి. మార్కులు గొంతుకు కాదు, ఆ ప్రశ్నకు చెప్పిన జవాబుకు వేయాలి.

బి.టెక్.లో మానవ విలువల సబ్జెక్టు ఇప్పటికే ఉంది; పరీక్ష ముందు రోజు చదివి రాసేస్తున్నారు. కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. జేఎన్‌టీయూలు అనుబంధ కళాశాలలకు ఒక సర్క్యులర్ పంపితే రాబోయే ఇంజినీర్ల దినోత్సవం నుంచే మొదలుపెట్టవచ్చు. న్యాయనిర్ణేతలుగా రావడానికి నాలాంటి విశ్రాంత ఇంజినీర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. దారిఖర్చులు కూడా అడగం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
రాజమహేంద్రవరం