సంక్రాంతి పెట్టెలు ఆర్డర్ ఇచ్చినవాళ్లకు

నమస్కారం. పలాస-కాశీబుగ్గలో మా కొట్టు నుంచి ఏటా పండక్కి జీడిపప్పు తెప్పించుకునే వాళ్లకోసం ఇది రాస్తున్నాను. పెద్ద గుండు (విరగని పెద్ద పప్పు), అంటే 180, 210 రకాలు, ఈ సంక్రాంతికి ఇవ్వలేం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. 240, 320 ఇస్తాం, కిలోకు 60 రూపాయలు పెరిగింది. పెట్టెలు భోగికి ముందే చేరతాయి గానీ ఎప్పటిలా బాగా ముందుగా కాదు. డబ్బు వెనక్కి కావాలంటే అడిగిన రోజే వేస్తాం.

మేం కొట్టే పిక్కల్లో, అంటే పెంకుతో ఉన్న జీడిగింజల్లో, పెద్ద గుండు తక్కువగా వస్తుంది. అందుకే ఆ రకం మాత్రం పండగ ముందు బయట కొంటాం. ఎన్నో ఏళ్లుగా ఒకే వ్యాపారి దగ్గర, పలాసలో కొట్టిన పప్పే అన్న మాట మీద. ఈసారి సరుకు దిగాక బిల్లు చూస్తే, ఏ రకం సరుకో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, మామూలు జీడిపప్పుకు 0801 ఉండాల్సిన చోట 2008 అని ఉంది.

చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ మా ఊరి బతుకంతా అందులోనే ఉంది. పెంకుతో ఉన్న పచ్చి పిక్క విదేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం 2.5 శాతం. 2018 బడ్జెట్‌లో 5 నుంచి తగ్గించారు. పెంకు తీసిన పప్పుకైతే 2019 బడ్జెట్‌లో 45 నుంచి 70 శాతం చేశారు. అదే ఏడాది గుండు కిలో 720 రూపాయల కన్నా, ముక్క 680 కన్నా తక్కువ ధరకు దిగుమతి చేయకూడదన్నారు. పప్పు కొట్టే పని ఇక్కడే ఉండాలని ఇదంతా. వేయించి ఉప్పు పట్టించిన పప్పు మాత్రం వేరే అధ్యాయం, 2008 కోడ్ కింద లెక్క. దాన్ని అడ్డం పెట్టుకుని, ఈ కట్టడి తప్పించుకోడానికి పప్పుకు కాస్త వేడి తగిలించి వేయించినదని రాయించి దించుతున్నారని జీడి వ్యాపారంలో ఎప్పటినుంచో గోల.

మాకొచ్చిన పప్పులో ఉప్పు లేదు, వేయించిన వాసనా లేదు. ఎక్కడ కొట్టిందని ఫోన్‌లో అడిగితే, "తినేవాళ్లకు తెలీదు కదండీ" అన్నాడు ఆ వ్యాపారి. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

వెనక్కి పంపాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. "మనం కొట్టేదంతా ఉద్దానం పిక్కేనా? ఐవరీ కోస్ట్‌ది, ఘనాది కూడా కొట్టి పలాస పప్పనే అమ్ముతున్నాం కదా, దీనికేం తేడా?" అంది. చాలా ఆలోచించాను. ఉద్దానం పంట ఇక్కడి ఫ్యాక్టరీలకు చాలదు. 2018లో తిత్లీ తుపాను తోటల్ని కూల్చేశాక మరీ కష్టమైంది. ఆఫ్రికా పిక్క వాడతామని అడిగినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాం. కానీ పిక్క ఎక్కడిదైనా దాన్ని ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు కట్టేది ఈ ఊరి ఆడవాళ్లు. జీడి సొనకు వాళ్ల చేతులు నల్లబడతాయి. పెట్టె మీద పలాస అని వేసేది ఆ పనికి. ఆ పని ఇంకో దేశంలో అయిపోయి, కోడ్ మార్చుకుని వచ్చిన పప్పు మీద మా ఊరి పేరు వేయను. ఒక్క పండక్కి కూడా వేయను.

సరుకంతా వెనక్కి పంపేశాం. అడ్వాన్సు ఇంకా రాలేదు, ఆ నష్టం మీ మీద వేయలేదు. ధర పెరిగింది పిక్క వల్ల. సీజన్ కాని రోజుల్లో అదనంగా కొన్నాం, 80 కిలోల బస్తా మీద 1,200 ఎక్కువ పడింది. బస్తా కొడితే వచ్చేది 20 కిలోల పప్పు, అక్కడికి కిలోకు 60.

జీఎస్టీ తగ్గింది కదా అని కొందరు అడిగారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి దిగింది బాదం, పిస్తాలకు. జీడిపప్పుకు అంతకుముందూ 5 శాతమే.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపమనేవాళ్లు క్షమించాలి. అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న ఎత్తేశారు. ఈసారి ఆ ఆర్డర్లు తీసుకోవడం లేదు.

పెద్ద గుండు బదులు 240 వద్దనుకుంటే ఈ శుక్రవారం లోపు ఫోన్ చేయండి. పరమాన్నానికి, లడ్డూకి బద్ద చాలు, అది కావలసినంత ఉంది. 180, 210 మళ్లీ ఉద్దానంలో కొత్త పిక్క దిగాకే, మేం కొట్టిన దాంట్లో ఎంత వస్తే అంతే.