మూసిన మూడు సీట్లు, బూస్ట్ మీద నా నిర్ణయం

మన సిమ్యులేటర్ కేంద్రంలో ఆదివారం కంప్యూటర్ మీద ఆడే ఓవల్ (అండాకారపు ట్రాక్) కారు రేసులకు వచ్చే మీ అందరికీ నమస్కారం. కిటికీ వైపు మూడు సీట్లకు ఎందుకు గుడ్డ కప్పానో, ఇండియానాపొలిస్ ట్రాక్ రేసు మళ్లీ ఎందుకు జరుపుతున్నానో తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. ఉన్నదున్నట్టు నేనే చెప్పడం మంచిది.

కొత్త సీట్లకు అయస్కాంత సెన్సర్ పెడళ్లే కావాలని చెన్నై సరఫరాదారుకు రాతపూర్వకంగా చెప్పాను, డబ్బు మొత్తం ముందే కట్టాను. పెట్టె మీదా అదే రాసి ఉంది. లోపల ఉన్నవి మాత్రం పాత పద్ధతి పొటెన్షియోమీటర్లు. వీటిలో కార్బన్ పూత మీద ఒక చిన్న లోహపు ముక్క రాసుకుంటూ కదులుతుంది. పూత అరిగేకొద్దీ సంకేతం అదురుతుంది. మూత విప్పితే లోపలంతా నల్లటి పొడి. యాక్సిలరేటర్‌ను నేలకు అదిమిపట్టినా కాలిబ్రేషన్ (పెడల్ కొలత సరిచూసే) తెర మీది పచ్చ గీత నిలవదు, వణుకుతూనే ఉంటుంది. అసలు నష్టం అక్కడే జరిగింది. ఆ అదురులో ఒక్క క్షణం పైకి ఎగిరిన విలువనే కంప్యూటర్ నూరు శాతంగా గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఎంత నొక్కినా గీత 93, 94 దగ్గరే ఆగిపోతుంది.

గేట్‌వే ట్రాక్‌లో ఇది ఎవరికీ తెలియలేదు. అక్కడ మలుపు మలుపుకూ కాలు తీయాల్సిందే కాబట్టి ఆ కొద్దిపాటి లోటు అందులోనే కలిసిపోయింది. ఇండియానాపొలిస్‌లో దాదాపు ల్యాప్ అంతా కాలు నేలకే ఆనుకుని ఉంటుంది, దాంతో బయటపడింది. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లు వేగం చాలడం లేదని బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, పెంచుకున్నారు. పొకోనో ట్రాక్‌లో ఇంధనం అయిపోయి ఆఖరి ల్యాపుల్లో నిలిచిపోయారు. ఇండియానాపొలిస్‌లో బూస్ట్ చివరిదాకా తిప్పినా వెనకే మిగిలారు. అది వాళ్ల చేతకానితనం కాదు. వాళ్లను ఎగతాళి చేసినవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

సరఫరాదారుకు ఫోన్ చేసి అడిగితే వచ్చిన సమాధానం: ‘‘పిల్లలు ఆడుకునే చోటుకు ఇవి చాలు సార్.’’ మా దగ్గరకు డ్యూటీ దిగి నేరుగా వచ్చే రైల్వే ఉద్యోగులున్నారు, చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు, యూనివర్సిటీ విద్యార్థులున్నారు. ఒక పదో వంతు సెకను కోసం గంటల తరబడి సాధన చేసే మనుషులు వీళ్లు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. డబ్బు వెనక్కి వస్తే రానీ, పోతే పోనీ, ఆ దుకాణంలో ఇక ఒక్క మర కూడా కొనను. కొత్త పెడళ్లు వేరేచోట తీసుకున్నాను. ఈసారి మూత విప్పి చూశాకే డబ్బు కట్టాను.

అంతకంటే బాధపెట్టిన మాట ఇంకొకటి ఉంది. మంచి సీట్లు నాకు కావలసినవాళ్లకే ఇస్తున్నానని కొందరన్నారు. మీ కళ్లెదుటే చీటీలు తీసి సీట్లు ఇస్తున్నాం. ఇకముందూ అలాగే ఇస్తాం.

ఇక బూస్ట్. దీని మీద నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. అన్ని ట్రాక్‌లలోనూ అందరికీ ఒకే బూస్ట్ బిగించేయమని మీలో సగం మంది అడిగారు. అమెరికాలో జరిగే అసలు ఇండీకార్ రేసుల్లోనే టీములకు ఆ స్వేచ్ఛ లేదు కదా అన్నారు. నిజమే. 2012 నుంచి అక్కడ నడుస్తున్న 2.2 లీటర్ల టర్బో వి6 ఇంజిన్లకు ట్రాక్‌ను బట్టి ఒత్తిడి నిర్ణయించేది నిర్వాహకులే. ఇండియానాపొలిస్ 500 రేసులో 1.3 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత), ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే అర్హత పోటీలో 1.5 బార్.

అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. మన ఆటలో బూస్ట్‌కు మూల్యం ఉంది. పెంచితే శక్తి వస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. గేట్‌వేలో మొదటి రెండు మలుపులు ఇరుకు, ట్రాక్ లోపలి వైపుకు వాలు 11 డిగ్రీలు. చివరి రెండూ వెడల్పు, వాలు 9 డిగ్రీలే. రెండో మలుపు దాటగానే అదనపు బూస్ట్‌తో కాలు వేస్తే వెనక టైర్లు జారతాయి, రేసు సగమయ్యేసరికి పట్టు పోతుంది. పొకోనోకు ఉన్నవి మూడే మలుపులు, మూడూ మూడు రకాలు. మొదటిది 14 డిగ్రీలు, చివరిది 6. ఆ చివరి మలుపు తర్వాత 1,140 మీటర్ల తిన్నని దారి బూస్ట్ పెంచమని పిలుస్తుంది. అక్కడ మన రేసు పొడవు కాబట్టి ఇంధనం వద్దంటుంది. ఈ తూకం వేసుకోవడమే డ్రైవర్ పని. దాన్ని మీ చేతుల్లోంచి నేను లాక్కోను.

ఇండియానాపొలిస్ వేరు. నాలుగు మలుపులూ 9 డిగ్రీల 12 నిమిషాల వాలే, రెండు పక్కలా కిలోమీటరు చొప్పున తిన్నని దారి. మన రేసు ఒక్క ట్యాంకుతో ముగుస్తుంది కాబట్టి ఎక్కువ బూస్ట్ పెట్టుకున్నవాళ్లు దాని మూల్యం చెల్లించేలోపే జెండా పడిపోతుంది. అందుకే ఆ ఒక్క ట్రాక్‌లో రేసుకు బూస్ట్ బిగిస్తున్నాను. అర్హత ల్యాపులకు అందరికీ పై అంకె తెరుస్తాను. గేట్‌వే, పొకోనో ఇప్పటిలాగే ఉంటాయి. ఇది నచ్చక వేరే చోటుకు వెళ్తామన్నవాళ్లను ఆపను, నిర్ణయమూ మార్చను.

ఇండియానాపొలిస్ రేసు పాయింట్లు రద్దు. మిగతావి యథాతథం. పొకోనోలో ఆ మూడు సీట్లలో ఆడినవాళ్ల రుసుము ఖాతాలో జమ చేశాను, అడగాల్సిన పని లేదు. ధరలు పెరగవు. ప్రతి రేసుకు ముందు కాలిబ్రేషన్ తెర మీ ఎదుటే తెరుస్తాం. గీత వణికితే ఆ సీటు ఆ రోజుకు ఎవరికీ ఇవ్వం. గరుడ సేవ రోజు దారులు మూసేస్తారు కాబట్టి ఆ సాయంత్రం రేసు ఉండదు.