పెన్నా వరద లెక్కలకు ఏ యంత్రం కొనాలి?

రోటర్‌డామ్,
ఆదివారం.

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని నాన్న చెప్పారు, మనసు కుదుటపడింది. మందులు మాత్రం మధ్యలో మాననివ్వకు.

నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చదివాను. ఒకదానిలో థ్రెడ్‌రిప్పర్ 7970ఎక్స్ పెట్టిన వర్క్‌స్టేషన్, రెండోదానిలో ఎపిక్ 9354 పెట్టిన సర్వర్. రెండు ప్రాసెసర్లూ ఏఎండీ కంపెనీవే, రెండింటిలోనూ కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, 32. "కోర్లు సమానం, వేగం మొదటిదానికే ఎక్కువ, ధర కూడా దానికే తక్కువ. మరి కమిటీ ముందు రెండోదాన్ని ఏ ముఖంతో అడగను అన్నయ్యా?" అన్నావు. ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయి. నువ్వు ఈ వాదనను కాగితం మీద పెట్టాలి కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నీ పనికి ఎపిక్ కొనాలి. కానీ ఆ కొటేషన్‌లో ఉన్నట్టుగా కొనకూడదు.

కాగితం మీద చూస్తే నీ సందేహం సబబే. థ్రెడ్‌రిప్పర్ మామూలుగా 4 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది, అవసరమైతే 5.3 దాకా వెళుతుంది. ఎపిక్ 9354 మామూలు వేగం 3.25, గరిష్ఠం 3.8. విడుదల నాటి ధరలు 2,499 డాలర్లు, 3,420 డాలర్లు. నిదానంగా నడిచేదానికి ఎక్కువ డబ్బు పెట్టమని ఎవరైనా చెబితే కమిటీ పెద్దలు కళ్లద్దాలు సవరించుకుని చూస్తారు. అందుకే ప్రాసెసర్‌ను కాసేపు పక్కన పెట్టి, నీ లెక్క లోపల ఏమి జరుగుతుందో ముందు వాళ్లకు చెప్పు.

నువ్వు వాడుతున్నది టెలిమాక్-2డి, నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. సోమశిల నుంచి ఊటుకూరు దగ్గర సముద్రం దాకా పెన్నానూ, దాని రెండు ఒడ్డుల పొలాలనూ ఊళ్లనూ చిన్న చిన్న త్రిభుజాలుగా కోశావు. ప్రతి మూల బిందువు దగ్గరా నీటి లోతు ఎంత, వేగం ఎంత, ఏ దిక్కుకు పోతోంది అన్నది క్షణక్షణానికీ మళ్లీ మళ్లీ లెక్క కట్టాలి. ఒక్కో బిందువు దగ్గర చేసే గుణకారాలూ కూడికలూ కొద్ది. వాటి కోసం మెమరీ (ర్యామ్) నుంచి తెచ్చుకోవలసిన అంకెలు మాత్రం చాలా ఎక్కువ. పక్క బిందువుల లోతులు, నేల ఎత్తు, గరుకుతనం, క్రితం క్షణం నాటి విలువలు, అన్నీ రావాలి. కోర్ తన పని క్షణంలో ముగించుకుని, తరువాతి అంకెల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎదురుచూసే కోర్ వేగం 5.3 అయితే ఏమిటి, 3.8 అయితే ఏమిటి?

నాన్నకు చెప్పాలంటే ఇలా చెప్పు: కోర్లు మడులు, మెమరీ నుంచి అంకెలు వచ్చే దారులైన ఛానెళ్లు తూములు. మడులు ఎన్ని ఉన్నా తూము సన్నదైతే చివరి మడి ఎండుతుంది. కోవూరు కాలువ కింద సేద్యం చేసిన మనిషికి ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

7970ఎక్స్‌కు మెమరీ ఛానెళ్లు నాలుగు. డీడీఆర్5-5200 ర్యామ్ వేస్తే సెకనుకు 166.4 గిగాబైట్లు వస్తాయి. ఎపిక్ 9354కు పన్నెండు ఛానెళ్లు. దాని ర్యామ్ వేగం కాస్త తక్కువే, 4800. అయినా మొత్తం 460.8 గిగాబైట్లు. 32 కోర్లకూ పంచితే మొదటిదానిలో ఒక్కో కోర్‌కు 5.2, రెండోదానిలో 14.4. నీ లెక్కకు సంబంధించినంత వరకు ఈ రెండు యంత్రాలకూ తేడా ఇదే. దీని తరువాతే గిగాహెర్ట్జ్. ప్రాసెసర్ లోపలే అంకెలు దాచుకునే చిన్న మెమరీ, ఎల్3 క్యాష్ కూడా ఎపిక్ 9354లో 256 మెగాబైట్లు, 7970ఎక్స్‌లో 128. దగ్గర పెట్టుకునే అంకెలు ఎన్ని ఎక్కువైతే మెమరీ దాకా వెళ్లవలసిన అవసరం అంత తగ్గుతుంది.

ఇప్పుడు నువ్వు ఎర్ర సిరాతో గీత గీయవలసిన చోటు. ఎపిక్ కొటేషన్‌లో ర్యామ్ వరుస మళ్లీ చూడు: 64 గిగాబైట్ల స్టిక్కులు నాలుగు. పన్నెండు ఛానెళ్లున్న బోర్డు మీద నాలుగే నింపితే నీకు సెకనుకు వచ్చేది 153.6 గిగాబైట్లు. అంటే థ్రెడ్‌రిప్పర్ కన్నా తక్కువ! ఎక్కువ ధర పెట్టి, తక్కువ గిగాహెర్ట్జ్ తీసుకుని, ఆ పైన మెమరీ దారిలోనూ వెనకబడతావు. ఆ కొటేషన్‌ను అలాగే ఒప్పుకునే పనైతే నిస్సందేహంగా మొదటిదే మేలు. 16 గిగాబైట్లవి పన్నెండు అడుగు. మొత్తం 192 గిగాబైట్లు అవుతుంది, 256 కాదు. అయినా నీ నమూనాకు అది ధారాళం. ర్యామ్ ధరలు ఈ మధ్య విపరీతంగా పెరిగాయి కాబట్టి ఇంకా పెద్ద స్టిక్కుల జోలికి పోవద్దు. ముఖ్యం పరిమాణం కాదు, పన్నెండు ర్యామ్ స్లాట్లూ నిండటం. "తరువాత కొందాం లెండి" అని అంగడి వాళ్లు అంటే ఒప్పుకోకు.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర లేదు, నీ బల్ల మీది పాత కంప్యూటర్‌తోనే తేల్చుకోవచ్చు. నదిలో ఒక చిన్న ముక్క తీసుకో, సంగం బ్యారేజీ దగ్గరిది చాలు. దాన్నే ఒక కోర్‌తో, రెండింటితో, నాలుగింటితో, ఎనిమిదింటితో నడిపి సమయాలు రాసుకో. ఎక్కడ కోర్లు పెంచినా సమయం తగ్గడం మానేస్తుందో చూడు. తరువాత యంత్రం ఆపి, రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి తీసేసి, అదే లెక్క ఎనిమిది కోర్లతో మళ్లీ నడుపు. సమయం రెట్టింపుకు దగ్గరగా పెరిగితే నేను చెప్పిన జబ్బు అదే. పెద్దగా తేడా రాకపోతే నీ లెక్క కోర్ వేగం మీద ఆధారపడి ఉంది, అప్పుడు థ్రెడ్‌రిప్పర్ కొను, నా ఉత్తరం మడిచి లోపల పెట్టు. ముక్క మరీ చిన్నదైతే అంతా క్యాష్‌లోనే ఇమిడిపోయి తప్పుదారి పట్టిస్తుంది, కనీసం రెండు మూడు లక్షల బిందువులు ఉండేలా చూసుకో. ఈ పట్టిక ఒక్కటి కమిటీ ముందు పెడితే నా పేజీలన్నిటికన్నా బాగా మాట్లాడుతుంది. వీలైతే అద్దె సర్వర్లు ఇచ్చేవాళ్ల దగ్గర ఎపిక్ యంత్రం కొన్ని గంటలకు తీసుకుని అసలు నమూనానే నడిపి చూడు. లక్షలు పెట్టే ముందు వేలల్లో ఖర్చు పెట్టి తెలుసుకోవడం న్యాయం.

థ్రెడ్‌రిప్పర్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. బావగారి స్నేహితుడు పెళ్లి వీడియోలు కూరుస్తాడు కదా, ఆయన అడిగితే రెండో ఆలోచన లేకుండా అదే చెబుతాను. మనిషి తెర ముందు కూర్చుని, నొక్కిన ప్రతి నొక్కుకూ జవాబు కోరే పనులకు ఒక్కో కోర్ వేగమే ప్రాణం. నువ్వు త్రిభుజాల వల అల్లేటప్పుడూ, పటాలు గీసేటప్పుడూ ఎక్కువ భాగం ఒక్క కోర్ మీదే నడుస్తుంది, అక్కడ ఎపిక్ నీకు మందకొడిగా అనిపిస్తుంది. అందుకే ఆ పాత కంప్యూటర్‌ను అమ్మేయవద్దు. బల్ల మీద అది, గదిలో సర్వర్. వల అల్లి నెట్‌వర్క్ ద్వారా పంపు, ఫలితాలు తెచ్చుకుని చూసుకో.

నడిమి దారి కూడా ఉంది, థ్రెడ్‌రిప్పర్ ప్రో. 7975డబ్ల్యూఎక్స్‌లో అవే 32 కోర్లు, అదే 5.3 వేగం, ఎనిమిది ఛానెళ్లు, 332.8 గిగాబైట్లు. ఒకే యంత్రం మీద రెండు పనులూ చేయక తప్పనివాళ్లకు అది మంచి ఎంపిక. దాని విడుదల ధర 3,899 డాలర్లు, ఎపిక్ కన్నా ఎక్కువ. నీకు బల్ల మీద వేరే కంప్యూటర్ ఉండగా ఆ అదనం దేనికి?

ఎవరైనా "96 కోర్ల ఎపిక్ తీసుకోండి మేడమ్, పదేళ్లు చూసుకోనక్కర లేదు" అంటారు. వద్దు. ఛానెళ్లు అవే పన్నెండు. కోర్‌కు వచ్చేది 4.8కి పడిపోతుంది. కొత్త తరాల సంగతీ అడిగావు. థ్రెడ్‌రిప్పర్ 9000 వరుసలో ర్యామ్ వేగం 6400కు పెరిగింది, ప్రో కానివాటికి ఛానెళ్లు మాత్రం నాలుగే, సెకనుకు 204.8 గిగాబైట్లు. ఎపిక్ 9005 వరుస 2024 అక్టోబరులో వచ్చింది, 6000 ర్యామ్‌తో 576 గిగాబైట్ల దాకా ఇస్తుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే అందులోని 32 కోర్ల 9355 అడుగు.

గది గురించి. సర్వర్ అనగానే సన్నటి ఇనుప పెట్టె పంపుతారు. దాని చిన్న ఫ్యాన్ల రొదకు పక్క గదిలో పాఠం చెప్పలేరు. పెద్ద ఫ్యాన్లున్న నిలువు పెట్టెలో అమర్చమను, గాలి ముందు నుంచి వెనక్కి సూటిగా పోవాలి. ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎస్‌పీ5 సాకెట్‌ది, అంటే ఈ ఎపిక్ కూర్చునే అమరికకు సరిపోయేది, అయి ఉండాలి. థ్రెడ్‌రిప్పర్ కూలర్ దానికి పట్టదు. ఎపిక్ 280 వాట్లు, 7970ఎక్స్ 350 వాట్లు. రోహిణి కార్తె ఎండల్లో రాత్రంతా నడిచే యంత్రానికి ఆ 70 వాట్ల తేడా చిన్నది కాదు, ఏసీ మీద కూడా అంత భారం తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు ఫలితం పాడవకుండా యంత్రం ఆగేంత సేపు యూపీఎస్ ఉండాలి. టెలిమాక్ ఆగిన చోటి నుంచి కొనసాగించగలదు, నడుమ నడుమ ఫలితాలు రాసుకునేలా పెట్టుకో. సర్వర్ బోర్డులకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: యంత్రం ఆపి ఉన్నా ఇంటి నుంచే దాన్ని వెలిగించవచ్చు, తెర చూడవచ్చు. తుఫాను రాత్రి నువ్వు కోవూరులో ఉండి, యంత్రం నెల్లూరులో ఉంటే దాని విలువ తెలుస్తుంది.

వాడిన ప్రాసెసర్ చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే జాగ్రత్త. కొన్ని పెద్ద కంపెనీల సర్వర్లలో వాడిన ఎపిక్‌లు ఆ కంపెనీ బోర్డుకే శాశ్వతంగా ముడిపడి ఉంటాయి, వేరే బోర్డులో లేవవు. నీ బోర్డులో వెలిగించి చూపిస్తేనే డబ్బు ఇవ్వాలి.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నీళ్లు పెన్నాలో కలిసి సోమశిలకు చేరాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మన వీధిలోకి నీళ్లు ఎప్పుడు వస్తాయో నాన్నకు ఎవరూ చెప్పలేకపోయారు. నేను ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చున్నాను. నేనున్న ఈ దేశంలో 1953 వరదలో 1,836 మంది పోయారు. ఆ తరువాత వీళ్లు నీటి లెక్కను జీతానికి చేసే పనిలా కాక, బతుకు పనిలా చేస్తున్నారు. సోమశిల నుంచి ఇంత నీరు వదిలితే కోవూరు ఏ వీధికి ఎన్ని గంటల్లో వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు మన నెల్లూరులోనే, నీ గదిలోనే తయారు కావాలని నా కోరిక. ఒక్క లెక్క చాలదు, విడుదల ఎంత ఉంటే ఎంత అని పదుల సంఖ్యలో నడపాలి. 32 కోర్లను రెండుగా పంచి రెండు విడుదలలు ఒకేసారి నడిపినా ఆ యంత్రం తట్టుకుంటుంది.

అక్టోబరుకు ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. ఆ లోపు యంత్రం చేతికి రావాలంటే ఈ నెలలోనే కమిటీ ముందుకు వెళ్లాలి. సవరించిన కొటేషన్‌లో నాలుగు విషయాలు విడివిడిగా రాయించు: ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ స్టిక్కుల సంఖ్య, కూలర్ పేరు, వారంటీ ఎవరిది. రాగానే ఫోటో తీసి పంపు, అదే రోజు చూసి చెబుతాను. యంత్రం వచ్చాక బయాస్‌లో (బోర్డు మూల అమరికల్లో) ఏవి మార్చాలో, కోర్లకు పనులు ఎలా కేటాయించాలో వీడియో కాల్‌లో పక్కన ఉండి చేయిస్తాను. ఆదివారం అయితే నాకు పగలంతా వీలే.

నాన్నకు, అమ్మకు నమస్కారాలు. బావగారిని అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ అన్నయ్య