పాంక్రియాస్ క్యాన్సర్: రోగిని కూడా అడగండి

సంపాదకుల వారికి,

పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) క్యాన్సర్ అని తేలగానే ఇంటివాళ్లు డాక్టరును అడిగే మొదటి మాట ‘ఎన్నాళ్లు బతుకుతారు’ అని. ఉన్నన్నాళ్లూ మనిషి ఎలా ఉంటాడన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. వచ్చినా, రోగి దగ్గర జబ్బు పేరే దాచిపెడుతున్నాం కనుక, దానికి జవాబు చెప్పగలిగిన ఆ ఒక్కరే ఆ మాటల్లో ఉండరు.

మందు ఎంత ఘాటైతే బతుకు అంత నరకమన్నది మనలో పాతుకుపోయిన నమ్మకం. ఫ్రాన్స్‌లో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, జబ్బు ఇతర అవయవాలకు పాకిన 342 మందిలో సగం మందికి జెమ్‌సిటబైన్ అనే కీమో మందు ఒక్కటే, మిగతావారికి నాలుగు మందుల ఫోల్ఫిరినాక్స్ ఇచ్చారు. రెండోదానితో విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, ఫ్రిజ్ నీళ్ల సీసా పట్టుకున్నా వేళ్లు జివ్వుమనే తిమ్మిరి ఎక్కువే. అయినా ఆరు నెలలకు జీవన నాణ్యత కోలుకోలేనంతగా దిగజారినవారు జెమ్‌సిటబైన్ వర్గంలో 66 శాతం, ఫోల్ఫిరినాక్స్ వర్గంలో 31 శాతం మాత్రమే. మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకు మించి బతికిన కాలం) కూడా 6.8 నెలలకు బదులు 11.1 నెలలుగా తేలింది. జబ్బు చేసే హాని మందు చేసే హానిని మించిందన్నమాట. అయితే వారంతా 76 ఏళ్లలోపువారు, తమ పనులు తాము చేసుకోగలిగినవారు. మంచం పట్టిన పెద్దవారికి ఈ లెక్క అన్వయించడం తగదు.

మరోవైపు, కడుపులోని నరాల ముడికి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పిని తగ్గించే పద్ధతిపై 2004లో అమెరికా నుంచి వచ్చిన అధ్యయనంలో మందులతో కంటే నొప్పి బాగా తగ్గింది కానీ జీవన నాణ్యత మాత్రం మందులు వాడినవారి కంటే మెరుగుపడలేదు. తిండి, నిద్ర, నీరసం, భయం కూడా రోగిని అడిగితే తప్ప తెలిసేవి కావు.

పాంక్రియాస్ తలభాగాన్ని తీసేసే విపుల్ ఆపరేషన్ అయినవారి విషయంలో మన ఇళ్లలో జరిగేది ఇంకొకటి. గ్రంథిలో కొంత భాగం తీసేశాక జీర్ణరసాలు చాలక, తిన్న నూనె మలంతో జిడ్డుగా తేలుతూ పోతుంది, మనిషి చిక్కిపోతాడు. అది ఆపరేషన్ నీరసమే అనుకుని పథ్యం పేరిట పప్పు, నెయ్యి, గుడ్డు మాన్పించి చారన్నంతో సరిపెడతారు. కావలసింది పథ్యం కాదు, ఎంజైమ్ క్యాప్సూల్. అదీ భోజనమంతా అయ్యాక కాదు, మొదటి ముద్దతోనే మొదలుపెట్టాలి. మందుల షాపులో కూర్చున్న నాకు, దాన్ని గ్యాస్ మాత్రలాగా పరగడుపున మింగుతున్నవారు తరచు కనిపించేవారు. వారి తప్పేమీ లేదు, చీటీలో ఇంగ్లిష్ పొడి అక్షరాలే ఉండేవి.

క్యాన్సర్ ఆస్పత్రులు డిశ్చార్జి కాగితంలో ఈ క్యాప్సూల్ ఎప్పుడు, దేనితో వేసుకోవాలో తెలుగులో రాసి ఇవ్వాలి. షుగర్ కొత్తగా రావచ్చన్న సంగతీ అందులో చేర్చాలి. ఆహార నిపుణులు ఇంట్లో వండేవారితోనే మాట్లాడాలి. కీమో మొదలుపెట్టే ముందు, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో రోగినే విడిగా అడగాలి.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, తెనాలి