సాలార్‌జంగ్ మ్యూజియం యాత్ర: జమా ఖర్చుల వివరణ

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. మొన్నటి ఆదివారం హైదరాబాద్ యాత్ర లెక్కలు అడిగారు. అడగడం మీ హక్కే. కాకపోతే లెక్క బయటికి రాకముందే ‘కమిటీ వాళ్లు చార్మినార్ దగ్గర బాగానే తిన్నారు’ అనే మాట నల్లగొండంతా తిరిగొచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

జమ: పేర్లిచ్చినవాళ్లు 46 మంది. పెద్దలు 34 మంది, తలకు రూ.600. పిల్లలు 12 మంది, రూ.300 చొప్పున. రావాల్సింది 24,000, చేతికొచ్చింది 21,900. రిటైరైన మాస్టారొకరు అడక్కుండానే 2,000 ఇచ్చారు, వారికి కమిటీ రుణపడి ఉంది. మీటింగులో 3,000 ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్న దాతగారు మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. మొత్తం జమ 23,900.

ఖర్చు: బస్సు 14,500, పంతంగి టోల్‌తో కలిపి. డ్రైవర్, క్లీనర్ బత్తా 700. ఇడ్లీలు 1,380. పులిహోర, పెరుగన్నం 2,760. నీళ్ల క్యాన్లు 260. మ్యూజియం టికెట్లు 1,450. వీటికి బిల్లులున్నాయి, పేచీ లేదు. పిల్లలకు మ్యూజియంలో టికెట్టే లేదు కదా, 300 ఎందుకన్నారు. బస్సులో సీటు, రెండు పూటల తిండి ఊరికే రావు.

ఇక బస్సుకు అదనంగా కట్టిన 1,500 సంగతి. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఒప్పందం. మనం ఇల్లు చేరేసరికి తొమ్మిదైంది. ఒక గంట ఆలస్యం మ్యూజియంలోని గంటల గడియారం దగ్గరే జరిగింది. పన్నెండు కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడుతుందని అందరికీ ముందే చెప్పాం. అయినా ఏడెనిమిది మంది ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గరే నిలబడిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆ పాలరాతి ముసుగు తడిబట్టలా మొహానికి అంటుకుని, లోపలి కళ్లూ ముక్కూ కనిపిస్తుంటే కదలబుద్ధి కాదు. వాళ్లు పరుగున వచ్చేసరికి బొమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఒంటిగంట దాకా ఉంటామని పట్టుబట్టారు, ఉన్నాం. ఒంటిగంటకు ఒక్క దెబ్బే కొట్టింది. ఇంతేనా అన్నారు. అంత దూరం తీసుకెళ్లి, చూడకుండా బస్సెక్కించమంటారా?

రెండో గంట చార్మినార్ దగ్గర పోయింది. బస్సు అక్కడిదాకా రానివ్వరు. డ్రైవర్ ఎక్కడో ఆపి ఫోన్ కట్టేశాడు. బస్సు ఓనర్ మూడు గంటలకు లెక్కగట్టి 2,250 అడిగితే, గంటసేపు వాదించి 1,500కి దించాం. ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఆ బస్సు కోసం కూర్చున్నది ఇరానీ హోటల్లోనే. అక్కడి బిల్లు 3,220. పెద్దలు 29 మందికి చాయ్ 580. ఎదురుచూపుల్లో 22 మంది రెండోసారి తాగిన చాయ్ 440. ఉస్మానియా, టై బిస్కెట్లు 520. పిల్లలకు దిల్‌పసంద్ (కొబ్బరి పెట్టిన తీపి బేకరీ ముక్కలు) 480. బిర్యానీ అన్న మాట బిల్లులో ఎక్కడా లేదు, కావాలంటే చూసుకోండి.

మిగిలిన 1,200 ఐదు బిస్కెట్ ప్యాకెట్లవి. కమిటీ ఇళ్లకు పట్టుకెళ్లిందన్నది వీటి గురించే. డబ్బు కట్టి, తెల్లారి రాలేమన్నవాళ్లు ఐదుగురు వాపసు అడిగారు. బస్సు, ఇడ్లీ, భోజనం 46 మందికీ ముందే చెప్పేశాం. వాపసు ఎక్కణ్నుంచి తెస్తాం? ఉత్త చేతులతో పంపడం బాగుండదని ప్యాకెట్ చొప్పున తెచ్చాం. రానివాళ్లకు బిస్కెట్లెందుకని వచ్చినవాళ్లు, బిస్కెట్లతో సరిపెడతారా అని రానివాళ్లు. మళ్లీ ఇలాంటి పరిస్థితి వచ్చినా ఇదే చేస్తాం.

మొత్తం ఖర్చు 25,770. లోటు 1,870 కోశాధికారి జేబులోంచి పెట్టారు. ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడి తాలూకు బాకీ 2,100 వస్తే ఆయన అప్పు తీరి 230 మిగులుతుంది. పేర్లు రాయడం లేదు, వాళ్లకు తెలుసు. పండగ తర్వాత ఇస్తామన్నారు. ఏ పండగో చెప్పలేదు.

బిల్లులన్నీ కోశాధికారి ఇంట్లో ఉన్నాయి, సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా వచ్చి చూడొచ్చు. రెండు బిస్కెట్ ప్యాకెట్లు కూడా ఇంకా అక్కడే ఉన్నాయి. అలిగినవాళ్లు అవి మెత్తబడకముందే తీసుకెళ్లగలరు.

— యాత్ర కమిటీ