ఆటలో అరటిపండు

ఒరేయ్ శీనూ,

"వాడి ల్యాబ్‌లో మనుషుల బుర్రలు కోస్తారా?" అని మీ అమ్మ అడిగిందన్నావు కదా, దానికి వాట్సాప్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం. కోయరని చెప్పు. ఇక్కడ కత్తీ లేదు, ఎలకా లేదు. నాలుగు టేబుళ్ళు, ఎనిమిది కంప్యూటర్లు, ఎవరూ కడగని కాఫీ కప్పులు. అసలు యంత్రం, ఎమ్మారై స్కానర్, కింద సెల్లార్లో ఉంటుంది. దాన్ని గంటల లెక్కన తీసుకోవాలి, గంటకి వందల డాలర్లు. ఎవరైనా అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారంటే మా ప్రొఫెసరమ్మ మొహం చూడాలి, మీటరు తిరుగుతున్న ఆటోలో ట్రాఫిక్‌కి చిక్కుకున్నట్టు ఉంటుంది.

మా చదువు పేరు సోషల్ న్యూరోసైన్స్. నలుగురిలో ఉన్నప్పుడు మనిషి మెదడు ఏం చేస్తుందో చూడటం. 1992లో కాచియొప్పో, బెర్న్‌ట్‌సన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఈ పేరుని వాడుకలోకి తెచ్చారు. కాచియొప్పో తర్వాత షికాగోలో ఏళ్ళ తరబడి ఒంటరితనం మీదే పనిచేశాడు. ఆకలేస్తే తిండి వెతుక్కున్నట్టు, ఒంటరితనం వేస్తే మనుషుల్ని వెతుక్కోవాలని, అది ఒళ్ళు చేసే హెచ్చరికేనని ఆయన వాదన. అది చదువుతూ మధ్యలో ఆపి నీకు ఫోన్ చేశానొకసారి. నువ్వు ఎత్తలేదు, అక్కడ తెల్లారుజాము మూడు.

నేను చేరిన నెలలోనే నన్నూ ఆ గొట్టంలో పడుకోబెట్టారు. కొత్త ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి ఎవరో ఒకరు కావాలి, కొత్తగా చేరినవాడు ఉండనే ఉన్నాడు. లోహం ఏదీ ఉండకూడదన్నారు. తాయెత్తు, వెండి మొలతాడు తీసి ట్రేలో పెడుతుంటే ఆ టెక్నీషియన్ చూసిన చూపు నీకెలా చెప్పను! చెవుల్లో దూది లాంటి బిళ్ళలు పెట్టినా, రోడ్డు పగలగొట్టే మిషన్ పక్కనే పడుకున్నట్టు ఒకటే రొద.

కళ్ళెదురుగా తెరమీద సైబర్‌బాల్ అనే ఆట. రెండు బొమ్మలు, కింద నా చెయ్యి. ముగ్గురం బంతి విసురుకుంటాం. కాసేపయ్యాక ఆ రెండు బొమ్మలూ వాటిలో అవే విసురుకుంటాయి, నాకు ఇక రాదు. అంతే ఆట. దీన్ని తయారుచేసిన కిప్ విలియమ్స్‌కి ఈ ఆలోచన పార్కులో వచ్చిందట. ఎవరో ఇద్దరి ఫ్రిస్బీ ఆయన దగ్గరికి దొర్లుకొచ్చింది, తిరిగి విసిరితే ఆయన్నీ ఆటలో కలుపుకున్నారు, కాసేపటికి ఏమీ చెప్పకుండా మానేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మానేస్తే ఇంత చివుక్కుమంటుందేమిటని ఆశ్చర్యపోయి, 2000 నాటికి 62 దేశాల నుంచి 1,486 మంది చేత ఇంటర్నెట్‌లో ఆడించాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బొమ్మల వెనక మనుషులెవరూ లేరని నాకు తెలుసు. ఆ ప్రోగ్రాంలో సగం లైన్లు నేనే సరిచేశాను. ఎన్నో బంతి తర్వాత నాకు రాదో కూడా తెలుసు. అయినా, ఒట్టు, కడుపులో ఏదో పడిపోయినట్టయింది. ఆడేది కంప్యూటరేనని ముందే చెప్పినా మనిషి చిన్నబుచ్చుకుంటాడని 2004లోనే ఒక పేపర్లో వచ్చిందట. నేను మాత్రం ఆ గొట్టంలో పడుకుని మన బడి వెనక మైదానం గుర్తుచేసుకున్నా. నువ్వు కెప్టెన్‌వి. నన్ను ఆటలో అరటిపండు చేశావు. పరిగెత్తొచ్చు, అరవొచ్చు, ఔటైనా లెక్కలోకి రాను.

"మనసు నొచ్చుకుంది" అంటాం కదా మనం. నొప్పీ, నొచ్చుకోవడం ఒకే కుదురు మాటలు. 2003లో ఐసెన్‌బర్గర్, లీబర్‌మన్, విలియమ్స్ కలిసి సైన్స్ పత్రికలో దాదాపు ఆ మాటే చెప్పారు. ఆటలోంచి తప్పించినవాళ్ళ మెదడులో, ఒంటి నొప్పి బాధించినప్పుడు చురుకయ్యే చోటే చురుకైందని. 2010లో ఇంకో జట్టు మూడు వారాలు రోజూ పారాసిటమాల్ ఇస్తే మనసు కష్టం కూడా కాస్త తగ్గిందని రాసింది. ఇది మీ అమ్మకి మాత్రం చెప్పకు, అత్తాకోడళ్ళ గొడవలకి కూడా డోలో వేసేస్తుంది.

నేను సంబరంగా ఇదంతా చెబితే మా లెక్కలాయన (స్టాటిస్టిక్స్ చూస్తాడు, ఎప్పుడూ ఒకే స్వెట్టర్) నీళ్ళు చల్లాడు. 2014లో వూ, వేగర్ వాళ్ళు అదే చోటుని మరింత సూక్ష్మంగా చూస్తే, రెండు బాధల అల్లిక వేరువేరని తేలిందట. వీధి ఒకటే, ఇళ్ళు వేరు అన్నమాట. ఈయన టేబుల్ పైన గోడకి ఒక చేప బొమ్మ. 2009లో కొందరు చచ్చిపోయిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ళకి ఎలా అనిపిస్తోందో, కోపమో సంతోషమో, చెప్పమన్నారు. స్కానర్ తీసిన మెదడు బొమ్మని వేల గడులుగా విడగొట్టి ఒక్కోదాన్ని పరీక్షిస్తాం కదా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే యాదృచ్ఛికంగా కొన్ని వెలుగుతాయి. చచ్చిన చేపలోనూ వెలిగాయి. 2012లో దానికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. అదే మన గోదావరి పులసైతే స్కానర్ దాకా పోనిచ్చేవాళ్ళమా?

ఇంకో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ఇక్కడ పరిశోధన చేస్తున్నావిడ) ఉంది, ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో మనం ఊహించేటప్పుడు కుడి చెవి వెనక పైభాగం ఏం చేస్తుందన్నది ఆమె పిచ్చి. సొంత రూమ్మేట్‌కి కోపం వచ్చిందని వారానికి గానీ తెలుసుకోలేదు.

నీకు పనికొచ్చేది మాత్రం మా పీహెచ్‌డీ కుర్రాడి టాపిక్. 2018లో పార్కిన్సన్, క్లైన్‌బామ్, వీట్లీ 279 మంది విద్యార్థుల్ని మీ స్నేహితులెవరని అడిగి, వాళ్ళలో 42 మందికి స్కానర్లో ఒకే వీడియోలు చూపించారు. దగ్గరి స్నేహితుల మెదళ్ళు ఒకే తీరుగా స్పందించాయి. కలిసి తిరిగి అలా అయ్యారా, అలాంటివాళ్ళే కలిశారా అని మావాడు బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాడు. మన సంగతి చెప్పి వాడికి పీడకల తెప్పించాను. ఒకే హాల్లో ఒకే సినిమాకి నువ్వు ఈల వేసిన చోట నాకు నిద్రొచ్చేది, నేను ఏడ్చిన చోట నువ్వు సమోసాకి బయటికి పోయేవాడివి.

జూన్‌లో వస్తున్నా. ఆ అరటిపండు లెక్క తేల్చాలి. "చిన్నపిల్లాడివి కదరా, అందుకే" అనకు. నీకంటే మూడు నెలలు పెద్దవాణ్ణి.

నీ
బుజ్జిగాడు