బ్లూస్ అంటే పన్నెండు బార్లేనా, చికాగో బండి ఎక్కినవాళ్లేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో, అమెరికా నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ కళాకారుల మీద మీరు వేసిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ సంగీతం గురించి రాసేవాళ్లే అరుదు కాబట్టి ముందు సంతోషించాం. కానీ అందులో మూడు మాటలు ఇబ్బంది పెట్టాయి. బ్లూస్ పాట అంటే 12 బార్ల చట్రం అన్నారు (బార్ అంటే నాలుగు దెబ్బల తాళావర్తం). అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టినవాడు పైకి రావాలంటే చికాగో రైలెక్కక తప్పలేదన్నారు. ఊళ్లో ఉండిపోయినవాళ్లు మరుగున పడి, ముసలితనంలో ఎవరో వెతికి పట్టుకుంటే తప్ప బయటపడలేదన్నారు. మిసిసిపీ నుంచి చికాగో వెళ్లి పేరు తెచ్చుకున్న మడ్డీ వాటర్స్, ఆయన వెంట వెళ్లినవాళ్ల వరకూ ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. మిసిసిపీ నది పక్కనున్న డెల్టా బయలు దాటి తూర్పున గుట్టల్లోకి వెళ్తే మాత్రం సరిపోదు.

ఆ గుట్టల ప్రాంతాన్నే హిల్ కంట్రీ అంటారు. ఉత్తర మిసిసిపీలో పనోలా, టేట్, మార్షల్, లఫాయెట్ కౌంటీలు. కోమో, సెనటోబియా, హోలీ స్ప్రింగ్స్ లాంటి చిన్న ఊళ్లు. డెల్టాలో కనుచూపు మేర పెద్ద ఆసాముల పత్తి తోటలు ఉంటే, ఇక్కడ ఎత్తుపల్లాల మధ్య చిన్న చిన్న కమతాలు. ఆ ఊళ్ల వాయిద్యం తీరే వేరు.

ముందు 12 బార్ల సంగతి. మన స్వరాల్లో చెప్పాలంటే మొదటి నాలుగు బార్లు షడ్జమం మీద కట్టిన కార్డు (ఒకేసారి మోగించే స్వరాల గుంపు), తర్వాత రెండు మధ్యమం మీద, రెండు మళ్లీ షడ్జమం మీద, ఆపైన పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండు షడ్జమం. చికాగో బ్యాండ్లలో ఎక్కువ పాటలు ఈ కొలతకే నడుస్తాయి. హిల్ కంట్రీలో చాలా పాటలు షడ్జమం మీద మొదలై అక్కడే ఉండిపోతాయి. బొటనవేలు కింది తీగల మీద ఒకే వరస కొడుతూ పోతుంది, మిగతా వేళ్లు గొంతును అనుసరిస్తాయి. తంబురా వింటూ పెరిగిన చెవికి ఇందులో వింతేమీ లేదు. బార్లు లెక్కపెట్టుకునే చెవికే "కార్డు ఎప్పుడు మారుతుంది?" అన్న ఆత్రం. అది మారదు. ఊపిరి ఎక్కడ ఆగితే పాదం అక్కడ ఆగుతుంది, ఒక్కోసారి రెండు దెబ్బలు ముందే. నాలుగు బార్లకోసారి డ్రమ్ముల మీద ఫిల్లు (చిన్న ముక్తాయింపు) వేసే అలవాటున్నవాణ్ని పక్కన కూర్చోబెడితే రెండో చరణానికల్లా గాయకుడు ఒకచోట, తాళం ఒకచోట. అందుకే ఆ గుట్టల గాయకుడు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ పక్కన డ్రమ్ములు కొట్టింది ఆయన మనవడు సెడ్రిక్, అక్కడివాడే అయిన జూనియర్ కింబ్రో పక్కన ఆయన కొడుకు కెన్నీ. తాత ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలిసినవాడికే ఆ పని చేతనవుతుంది.

వ్యాసంలో దీన్ని "విషాద గీతాలు" అని కూడా అన్నారు. విషాద గీతానికి తెల్లవార్లూ ఎవరూ చిందెయ్యరు. ఇది అచ్చంగా డాన్సు సంగీతం. కార్డు మారకపోవడానికి, పాట పది నిమిషాలు సాగడానికి కారణం అదే. నేల మీద జనం కదులుతున్నంత సేపూ పాట ఆగకూడదు. మూడు నిమిషాల రికార్డులో ఇమిడేది కాదు కాబట్టే రికార్డు కంపెనీలు చాలాకాలం దీన్ని పట్టించుకోలేదు. తప్పు వాయించేవాళ్లది కాదు, కొలపాత్రది.

శ్రుతి గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. ఇంటి దగ్గర ప్రయత్నించే కుర్రాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. స్లైడ్‌తో, అంటే వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారుస్తూ, వాయించేటప్పుడు మామూలు గిటార్ శ్రుతి కలిసిరాదు, తీగలన్నీ కలిపి మీటితే ఒకే కార్డు పలకాలి. ఓపెన్ డి అనే శ్రుతిలో బొద్దు తీగ నుంచి సన్న తీగ వరకు స ప స గ ప స. ఇక్కడ గ అంటే శంకరాభరణం గాంధారం. మామూలు శ్రుతి నుంచి ఇక్కడికి రావాలంటే ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కో స్వరం దించాలి, మూడో తీగ అర స్వరం దించాలి, నాలుగు, అయిదు అలాగే ఉంటాయి. అన్నీ దించడమే కాబట్టి గిటార్‌కి ప్రమాదం లేదు. ఇదే వరసను ఇంకో స్వరం పైన పెడితే ఓపెన్ ఇ. అక్కడ మూడు, నాలుగు, అయిదు తీగల్ని పైకి లాగాలి. చవక అకూస్టిక్ గిటార్ మీద ఈ పని చేస్తే తీగ తెగుతుంది, ఆర్నెల్లకు తీగలు బిగించే బ్రిడ్జి లేచినా ఆశ్చర్యం లేదు. ఓపెన్ డిలో పెట్టి రెండో ఫ్రెట్ (మెట్టు) మీద, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కేపో బిగిస్తే అదే ఎత్తు వస్తుంది, చెక్క మీద బరువు పడదు.

ఓపెన్ జిలో వరస ప స ప స గ ప. ఇందులో షడ్జమం అయిదో తీగ మీద ఉంటుంది. అలవాటుగా బొటనవేలు ఆరో తీగ మీద పడితే పంచమం మోగి, పాట ఎక్కడా నిలబడనట్టు అనిపిస్తుంది. "శ్రుతి సరిగ్గానే ఉంది, అయినా ఏదో తేడా" అనేవాళ్లలో చాలామందికి రోగం ఇదే.

స్లైడ్ అంటే వేలికి తొడిగే గాజు గొట్టం, సీసా మెడ కోసి చేసుకునేది. బీరు సీసా మెడ ఏటవాలుగా ఉంటుంది, దాంతో తీగలన్నిటికీ సమంగా ఆనదు. తిన్నటి మెడ ఉన్న వైన్ సీసా మేలు. కోసిన అంచును తడి ఎమరీ కాగితం మీద, నీళ్లు పోస్తూనే అరగదీయాలి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంత ఓపిక లేకపోతే మెకానిక్ షాపుల్లో ఉండే పొడవాటి సాకెట్ కూడా పనిచేస్తుంది, నాదం కాస్త బరువుగా ఉంటుంది.

గోటువాద్యం చూసినవాళ్లకు స్లైడ్ పద్ధతి త్వరగా అర్థమవుతుంది. అక్కడ మెట్లే ఉండవు. గిటార్‌కి మెట్లున్నా అవి కంటికి గుర్తులు మాత్రమే. వేలితో వాయించేటప్పుడు రెండు మెట్ల మధ్య నొక్కుతాం. స్లైడ్ సరిగ్గా మెట్టు కమ్మీ మీదికి రావాలి. మధ్యలో పెడితే స్వరం దిగి వినిపిస్తుంది. గట్టిగా నొక్కితే తీగ కమ్మీకి తగిలి గరగరమంటుంది. తేలిగ్గా ఆనించి, స్లైడ్ వెనక చూపుడు వేలు, మధ్యవేలు తీగల మీద మెల్లగా వాల్చాలి. లేకపోతే స్లైడ్‌కి రెండు వైపులా తీగ మోగి గోల గోలగా ఉంటుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లైనా ఉండాలి, తీగలు 12 లేదా 13 నంబరు సెట్టు. 10 నంబరు సన్న తీగలేసి, దించిన శ్రుతిలో స్లైడ్ పెడితే తీగ కుంగిపోతుంది. ఇక గాంధారం: గాయకుడు సాధారణ, అంతర గాంధారాల మధ్య ఎక్కడో నిలబడతాడు. స్లైడ్ అక్కడికే వెళ్లాలి, కమ్మీ దాకా వెళ్లిందంటే ఆ రుచి పోయినట్టే.

ఈ పని ఫ్రెడ్ మెక్‌డొవెల్ చేతిలో వినాలి. ఆయన మొదట జేబు చాకుతో, తర్వాత ఎద్దు పక్కటెముక ముక్కతో వాయించి, చివరికి గాజుకి వచ్చాడు. పుట్టింది టెనెసీలోని రాస్‌విల్‌లో, స్థిరపడింది కోమోలో. 1959 సెప్టెంబరులో జానపద సంగీతం సేకరిస్తున్న అలన్ లోమాక్స్, షర్లీ కాలిన్స్ రికార్డింగు యంత్రంతో ఆ ఊరు వచ్చేటప్పటికి ఆయన పత్తి రైతు, వయసు యాభై దాటింది. ఆ రికార్డుల్లో ఒక వింత మోత వినిపిస్తుంది. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరైన ఫ్యానీ డేవిస్ దువ్వెన మీద పల్చటి కాగితం పెట్టి ఊదుతోంది. మన పిల్లలు ఇంట్లో చేసే అల్లరే, ఇక్కడ రెండో వాయిద్యమైంది.

ఆ తర్వాత ఆయన 1964లో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో వాయించాడు, 1965లో యూరప్ తిరిగి వచ్చాడు. వచ్చింది కోమోకే. పెట్రోలు బంకులో పని కూడా చేశాడు. 1971లో రోలింగ్ స్టోన్స్ బృందం ఆయన పాడిన "యూ గాటా మూవ్" ను తామూ పాడి తమ ఆల్బంలో చేర్చింది. ఆ పాట తాలూకు రాయల్టీ ఆయనకు చేరిందంటే కారణం ఆర్హూలీ రికార్డ్స్ యజమాని క్రిస్ స్ట్రాక్‌విట్జ్ పట్టుపట్టి వసూలు చేయడమే. మెక్‌డొవెల్ 1972 జులైలో క్యాన్సర్‌తో పోయాడు.

బర్న్‌సైడ్ విషయంలో మీ సూత్రం పూర్తిగా తలకిందులు. ఆయన చికాగో రైలెక్కినవాడే. మడ్డీ వాటర్స్ పెళ్లాడింది ఆయన బంధువుల అమ్మాయినే, కాబట్టి పరిచయాలకు కొదవలేదు. అదే చికాగోలో బర్న్‌సైడ్ తండ్రి, అన్నదమ్ములు హత్యకు గురయ్యారు. ఆయన మిసిసిపీ తిరిగొచ్చి కౌలు సేద్యం చేస్తూ, చేపలు పడుతూ, వారాంతాల్లో గిటార్ వాయించాడు. 1967లో జానపద సంగీత పరిశోధకుడు జార్జ్ మిచెల్ ఆయన్ని రికార్డు చేస్తే, రెండేళ్లకు వచ్చిన ఎల్పీ అట్ట మీద "మిసిసిపీ డెల్టా బ్లూస్" అని వేశారు. రికార్డు కంపెనీలే గుట్టలకూ బయలుకూ తేడా పట్టించుకోనప్పుడు మీ వ్యాసకర్తనొక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు లెండి.

కింబ్రో ఊరు వదల్లేదు. చులహోమాలో నాలుగో నంబరు హైవే పక్కన సొంత జూక్ జాయింట్ నడిపాడు. జూక్ జాయింట్ అంటే బీరు, డాన్సు, గిటార్ ఒకే గదిలో ఉండే పల్లెటూరి హాలు. ఆదివారం రాత్రి జనం అక్కడికి వచ్చేవారు. మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్‌లో కొత్తగా పెట్టిన ఫ్యాట్ పోసమ్ రికార్డు కంపెనీ కోసం విమర్శకుడు రాబర్ట్ పామర్ పర్యవేక్షణలో 1992లో తొలి ఆల్బం రికార్డు చేసింది కూడా స్టూడియోలో కాదు, జూక్ జాయింట్‌లోనే. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. దీన్ని "వెతికి పట్టుకోవడం" అంటే ఎలా? ప్రతి ఆదివారం హాలు నింపిన మనిషి ఆ చుట్టుపక్కల ఎవరికి తెలియదు? తెలియనిది ఊరి బయటివాళ్లకే. ఆయన 1998లో పోయాడు, 2000 ఏప్రిల్‌లో ఆ హాలు కాలిపోయింది.

ఫ్యాట్ పోసమ్ బర్న్‌సైడ్‌కీ దశ తిప్పింది, 70 దాటాక యువకుల క్లబ్బుల్లో వాయించాడు. 1998లో ఆయన పాటలకు యంత్రాల తాళం జోడించి రీమిక్స్ ఆల్బం తెచ్చారు. టీవీ సీరియల్‌లోకి ఎక్కింది, డబ్బులొచ్చాయి, అది మంచిదే. వినడానికి మాత్రం, ఊపిరిని బట్టి సాగే పాదాన్ని కత్తిరించి సమానమైన ముక్కలుగా అతికించారు. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టకండి. 1994 నాటి "టూ బ్యాడ్ జిమ్" తో మొదలుపెట్టండి.

మన దగ్గర ఈ గందరగోళానికి ఒక కారణం లేకపోలేదు. 2011లో ముంబైలో మొదలైన మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్‌కి బడ్డీ గై వచ్చాడు. ఆయన 1957లో లూసియానా నుంచి చికాగో చేరినవాడు. మనవాళ్లు కళ్లారా చూసింది ఆ పరంపరనే.

వ్యాసంలో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. జెస్సీ మే హెంప్‌హిల్ 1923లో పుట్టింది, తాత సిడ్ హెంప్‌హిల్ చూపులేని బహువాద్య కళాకారుడు. చేత్తో గిటార్, పాదానికి కట్టుకున్న టాంబొరిన్‌తో తాళం, పైన గొంతు: బ్యాండ్ మొత్తం ఆమే. తొలి ఆల్బం 1981లో వచ్చింది, అదీ ముందు ఫ్రాన్స్‌లో. 1987, 1988లలో బ్లూస్ కళాకారులకిచ్చే డబ్ల్యూ.సి. హ్యాండీ అవార్డులు. 1993లో పక్షవాతంతో ఎడమవైపు పడిపోవడంతో గిటార్ ఆగిపోయింది.

చివరగా, హిల్ కంట్రీ కళాకారుడు ఓథా టర్నర్ చేతిలోని "కేన్ ఫైఫ్" ను (ఫైఫ్ అంటే చిన్న పిల్లనగ్రోవి) మీరు "చెరకు పిల్లనగ్రోవి" అన్నారు. ఆ కేన్ వాగుల ఒడ్డున మొలిచే సన్న వెదురు జాతి. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి లోపలి కణుపులు తొలుస్తారు, అదే చువ్వతో ఊదే రంధ్రం, వేళ్ల రంధ్రాలు వేస్తారు. చువ్వ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే రంధ్రం సాగి గాలి జారుతుంది. కొలత వేళ్లతోనే, కాబట్టి ఏ రెండు ఫైఫులూ ఒకే శ్రుతిలో ఉండవు. తోడు వాయించేవి డ్రమ్ములే కాబట్టి ఇబ్బందీ లేదు. బర్న్‌సైడ్ బొటనవేలి దరువు వెనకున్నది ఈ డ్రమ్ముల నడకే. టర్నర్ తన తొంభయ్యోపడిలో, 1998లో, తొలి ఆల్బం తెచ్చాడు. 2003 ఫిబ్రవరి 27న ఆయన, అదే రోజున ఆయన కూతురు బెర్నీస్ చనిపోయారు. శ్మశానానికి ఊరేగింపు ముందు ఫైఫ్ ఊదుతూ నడిచింది పదమూడేళ్ల మనవరాలు షార్డే థామస్. సవరణ వేసేటప్పుడు ఆమె పేరు కూడా వేయండి, చెరకు తీసేసి వెదురు పెట్టండి.

ఇట్లు,
గిటార్ నేర్పే ఇద్దరు పాఠకులు,
విజయవాడ